గుండుగొలను డాక్టరుగారి బ్యాంకు

మొన్నామధ్య మా కాలేజీకి ఒక పెద్దమనిషి వచ్చేరు. ఇక్కడే చదువుకుని, ముంబయి వెళ్ళి, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకరై బాగా గడించిన పూర్వ విద్యార్థి. కామర్సు వాళ్ళమే కాదు, కెమిస్ట్రీ వాళ్ళూ, తెలుగు ఎం.ఏ. వాళ్ళూ కూడా వచ్చి కిటికీలు పట్టుకు వేళ్ళాడేరు. ఆయన చక్కగానే చెప్పేరు. కంపెనీకి డబ్బు కావాలి, జనం దగ్గర డబ్బుంది. వాటాలకి ధర కట్టడం, కొనేవాళ్ళని వెతకడం, ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొంటుంటే మధ్యన కూర్చుని బేరం కుదర్చడం, అందుకు కమీషను పుచ్చుకోవడం - ఇదీ వృత్తి. "పెళ్ళిళ్ళ పేరయ్య పనే కదరా" అన్నాడు నా పక్కవాడు. ప్రశ్నలు అడగమంటే మొదటి ప్రశ్న జీతం ఎంతని. రెండోదీ అదే, కాకపోతే ఇంగ్లీషులో.

నేనూ తక్కువ తినలేదు లెండి. శనివారం ఇంటికి వెళ్ళి, అన్నం తింటూ నాన్నకి ఇదంతా ఏకరువు పెట్టేను. ఆయన ఓపిగ్గా విని, మజ్జిగ పోసుకుంటూ ఒక్క ముక్క అడిగేడు: "ఆ బేంకు కౌలోళ్ళకి అప్పిత్తదేంట్రా?"

మాది కౌలు వ్యవసాయం. మూడెకరాలు. సార్వాకీ దాళ్వాకీ కలిపి ఎకరానికి ముప్పై బస్తాలు మక్తా. భూమి గలాయన హైదరాబాదులో ఉంటారు, సంక్రాంతికి వస్తారు. మా పెట్టుబడి ఎరువుల కొట్టులో అరువూ, మిల్లు దగ్గర చేబదులూను. నూటికి నెలకి రెండు రూపాయలు. లెక్కలు నాకు వచ్చు గనక వేసేను. అరవై వేలకి ఆర్నెల్లకి ఏడువేల రెండొందలు వడ్డీ. అదే బ్యాంకులో పంటరుణమైతే ఏడు శాతం చొప్పున రెండువేల నూరు. గడువులో కడితే అందులోనూ తగ్గుతుంది. తేడా ఐదువేల నూరు. ఇంతకీ ఆ పంటరుణం మా చేనుమీద ఉండనే ఉంది. తీసుకున్నది మాత్రం భూమి గలాయన.

క్రిందటేడు నాన్నతో కలిసి నేనూ ఒక బ్యాంకుకి వెళ్ళేను. ఏ బ్యాంకని అడక్కండి. మేనేజరు మర్యాదస్తుడే, కూర్చోమన్నాడు. పంట సాగుదారు హక్కు పత్రం ఉందా అన్నాడు. 2019 చట్టంతో వచ్చిన కార్డు అది. దానికి భూమి యజమాని సంతకం కావాలి. ఆయన పెట్టడు. పెడితే భూమి పోతుందేమోనని భయం. పోదని చట్టంలోనే ఉంది, కాని భయం చట్టం చదవదు గదా! నాన్న "సిత్తం బాబుగారూ" అని లేచేడు. నాకంటే వయసులో నాలుగైదేళ్ళు పెద్దవాడేమో ఆ మేనేజరు. అతన్ని మా నాన్న బాబుగారూ అనడం నాకిప్పటికీ గొంతులో అడ్డుపడుతూనే ఉంది.

ఆ శనివారం రాత్రే ట్రంకుపెట్టెలో తాత పాసుబుక్కు బయటపడింది. ఆంధ్రా బ్యాంకుది. అట్ట చివికిపోయింది. గేదె దూడని అమ్మినప్పుడు యాభై, ధాన్యం డబ్బు వచ్చినప్పుడు వంద - అంతే జమలు. తాత వేలిముద్రగాడు. బ్యాంకుని మాత్రం "మన బేంకు" అనేవాట్ట. సర్కారీ బ్యాంకుని మనదనడమేమిటని లైబ్రరీలో కూర్చుని తవ్వితే, మన పక్కవాడే ఒకాయన దొరికేడు.

భోగరాజు పట్టాభి సీతారామయ్య. చరిత్ర పుస్తకంలో ఈయన మనకి రెండు మార్కుల ప్రశ్న. 1939లో కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో సుభాస్ బోసు చేతిలో ఓడిపోయినాయన, ఆ ఓటమి తనదేనని గాంధీగారు ప్రకటించింది ఈయన గురించే. ఆ ఓటమి జవాబుగా రాసేసి పేజీ తిప్పేస్తాం. 1948లో జయపూరు కాంగ్రెసుకి ఆయనే అధ్యక్షుడు, తర్వాత మధ్యప్రదేశ్ గవర్నరు. అవీ అలా ఉంచండి.

పుట్టింది 1880 నవంబరు 24న గుండుగొలనులో. రాజమండ్రి నుంచి ఏలూరు వెళ్ళే దారిలో, భీమడోలు దగ్గర ఊరు. ఎన్నిసార్లు బస్సులో ఆ బోర్డు దాటి వెళ్ళేనో! చిన్నప్పుడే తండ్రి పోయేడు. బందరు నోబుల్ కాలేజీలో, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వైద్యం పూర్తిచేసి, బందరులో ప్రాక్టీసు పెట్టేడు.

ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1906 అక్టోబరులో, మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ కూలింది. దొరల కంపెనీ. పరువు పెట్టుబడిగా డిపాజిట్లు లాగిన కంపెనీ. లండనులో భాగస్వామి ఆడిన జూదానికి ఇక్కడ పింఛనుదార్ల సొమ్ము హరించుకుపోయింది. సర్ జార్జి ఆర్బత్‌నాట్‌కి పద్దెనిమిది నెలలు జైలు పడింది. కోటు వేసుకున్న ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకరు కథ మన ప్రాంతంలో అలా మొదలైంది మరి! ఆ దెబ్బకే మరుసటేడు మద్రాసులో ఇండియన్ బ్యాంకు పుట్టింది - మన సొమ్ము మన చేతిలో ఉండాలని.

బందరు డాక్టరుగారు ఆ దారే పట్టేడు. సుమారు పదేళ్ళు చేసి, నడుస్తున్న ప్రాక్టీసు వదిలేసేడు. డబ్బే కావాలంటే స్టెతస్కోపు చాలు గదా. 1915లో కృష్ణా జిల్లా సహకార బ్యాంకు. 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరైంది, 28న బందరులో తలుపులు తెరిచేరు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు. మధ్యలో జైళ్ళు. 1942 నుంచి మూడేళ్ళు నెహ్రూ, పటేళ్ళతో అహ్మద్‌నగరు కోటలో.

లక్ష అంటే మనకిప్పుడు నవ్వొస్తుంది. కాని ఆలోచించండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యేక డెల్టాలో డబ్బు లేకపోలేదు. అది పొలంలోనూ, మెళ్ళో బంగారంలోనూ, వడ్డీ నోట్లలోనూ ఉంది. దాన్ని బయటికి లాగి, ఒక కాగితం చేతిలో పెట్టి "ఇది నీ బ్యాంకు" అని నమ్మించాలి. ముంబయి పెద్దమనిషి చెప్పిన పని సరిగ్గా ఇదే. ముప్పయ్యవ దశకంలో ధాన్యం ధరలు పడిపోయేయి. 1938లో ట్రావన్‌కూరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు అంతటిది మూతపడింది. బందరు బ్యాంకు నిలిచింది. తను పెట్టిన సంస్థల్లో ఉత్తరప్రత్యుత్తరాలు తెలుగులో సాగాలని కూడా పట్టుబట్టేడట. ఆ ముక్క చదివి నేను కాస్సేపు పుస్తకం మూసేను. మొన్న మా నాన్న ముందు పెట్టిన ఫారం గుర్తొచ్చి.

అయితే ఒకటి. డాక్టరుగారిని దేవుణ్ణి చేసి కూర్చోబెట్టలేను. బ్యాంకు సత్రం కాదు. మా తాత యాభై రూపాయలు భద్రంగా ఉండాలంటే, ఆ యాభై ఎవరికిస్తున్నారో కౌంటరు వెనకాలాయన చూసుకోవాల్సిందే. చూసుకోకపోతే ఆర్బత్‌నాటే. ఆ మేనేజరు సంతకం అడగడంలో తప్పు లేదని నాకు తెలుసు. తాత పొదుపుకి తలుపు తెరిచిన బ్యాంకు, తాత కొడుకు అప్పు దగ్గర కాగితం అడిగింది. రెండూ న్యాయమే, మేం మాత్రం బయటే ఉన్నాం. ఈ లెక్క నాకు ఏ అకౌంటెన్సీ పుస్తకంలోనూ తేలలేదు.

పట్టాభిగారు 1959 డిసెంబరులో పోయేరు. ఇన్సూరెన్సు 1956లోనే జీవిత బీమా సంస్థలోకి వెళ్ళింది. భారతలక్ష్మీ 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. మా ఊరి దగ్గర బ్రాంచికి బోర్డు మార్చేటప్పుడు పాత అక్షరాల గుర్తులు గోడమీద కొన్నాళ్ళు ఉండిపోయేయి, సున్నం కొట్టేదాకా.

పాసుబుక్కు చూపించి నాన్నకి ఈ కథంతా చెప్పేను. "గుండుగొలనోడా!" అని ఆశ్చర్యపోయేడు. తర్వాత కాస్సేపు ఏమీ అన్లేదు. పడుకోబోతూ అన్నాడు: "సంక్రాంతికి ఆయనొత్తాడు కదా. ఈసారి కార్డు మాట నువ్వడుగు. సదువుకున్నోడివి. కాయితం తెలుగులో రాసి అట్టుకురా, నేనూ ఇంటాను."

కాగితం రాసేను. సంక్రాంతికి ఇంకా పదహారు రోజులుంది.