బక్కపిల్ల కవచం

ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 1994లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ఈ దినాన మా బడిలో నాటిక వేయిస్తాం. లింగంపేట చుట్టుపక్కల తండాల పిల్లలు చదివే బడి మాది. కొమురం భీం నాటిక చాలాసార్లు అయింది. ఒక ఏడు ఆడపిల్లలు అడిగారు: "సార్, మాకు రాణి లేదా?"

అట్లా రాణి దుర్గావతి కథ ఎత్తుకున్నాం. చిన్న కొడుకు తరఫున గఢా మండల గోండు రాజ్యాన్ని పాలించి, 1564 జూన్‌లో అక్బరు సేనాని ఆసఫ్ ఖాన్‌తో ఏనుగు మీద నుంచి పోరాడి ప్రాణం విడిచిన రాణి ఆమె.

ఆ వేషానికి ఆరో తరగతి పాపను ఎంచుకున్నాం. గొంతు ఖంగుమంటుంది, మనిషి మాత్రం బాగా బక్క. కిరాణా దుకాణాల అట్టపెట్టెలు తెచ్చి, కొలత తీసుకోకుండా అందాజుగా కోసి, వెండిరంగు కాగితం అంటించాం. తొడిగితే భుజాల మీద నుంచి జారింది. చంకల్లో ఒరుసుకుంది. కూర్చుంటే లేచి గడ్డానికి తగిలింది. పిల్లలు నవ్వారు. "కొంచెం ఒళ్లున్న పిల్లకిద్దాం" అనేశాం. పాప విన్నది. మర్నాడు బడికి రాలేదు.

సాయంత్రం తండాకు పోయాం. పాప వాళ్ల యాడి కవచాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీనికి తాళ్లేవి సారూ? మా కాంచళికి వెనక తాళ్లుంటయి. బక్కగున్నా, ఒళ్లొచ్చినా ముడి మారుతది, గుడ్డ మారదు" అన్నది. మేమూ కాంచళి కట్టిన తల్లుల ఒళ్లో పెరిగినవాళ్లమే. టీచర్ ట్రైనింగులో బోధనోపకరణాల తయారీ నేర్చినా, ఈ సంగతి మాకు తట్టలేదు.

మళ్లీ మొదలుపెట్టాం. అంగీ మీదనే ఛాతీ కొలిచాం: 23 అంగుళాలు. ఊపిరికి 2 అంగుళాలు కలిపాం. ముందొకటి, వెనకొకటి, చంకల కింద రెండు చిన్నవి, మొత్తం నాలుగు పలకలు కోసి తాళ్లతో కలిపాం. మొఘలుల కాలపు 'చహార్ ఆయినా' కవచమూ ఇట్లాగే నాలుగు పలకలది. ఆ ఫార్సీ పేరుకు నాలుగు అద్దాలని అర్థం. అది చెబితే యాడి తన ఫేటియా అద్దాలు చూపి నవ్వింది.

అట్టలోని గీతలు నిలువుగా ఉంచితేనే ఒంటి చుట్టూ వంగుతుంది. చంక దగ్గర లోతుగా కోయాలి. కింది అంచు నడుము దాటొద్దు. లోపల పాత నూలుచీర ముక్కలు మడతపెట్టి కుట్టాం, అంచులకు గుడ్డపట్టీ వేశాం, భుజాలకు వెడల్పు పట్టీలు పెట్టాం. నడుముకు దట్టీ కడితే బరువంతా భుజాల మీద పడలేదు. చివరికి పాపను కూర్చోమన్నాం, వంగమన్నాం, కత్తి ఎత్తమన్నాం, పొడుగు డైలాగు ఒక్క గుక్కలో చెప్పమన్నాం. చెప్పింది.

అంతకుముందే పిల్లలందరి ముందు ఆమెకు తప్పు ఒప్పుకున్నాం. అట్ట తప్పుగా కోసింది మేము, మాట పడింది పాప. నాటిక రోజు యాడి ముందు వరసలో కూర్చుంది. కవచం ఊడలేదు, గొంతు వణకలేదు.

మరుసటేడు ఆ కవచాన్ని ఒళ్లున్న పిల్ల వేసుకుంది. అట్ట కోయలేదు. తాళ్లు కొంచెం వదులు చేశాం, అంతే.