పావు డాలరు టికెట్టు... ప్రపంచమంత పాట!

న్యూయార్క్ వెళ్లొచ్చిన మనవాళ్లను ఏమేం చూశారని అడిగి చూడండి. లిబర్టీ విగ్రహం, ఎంపైర్ స్టేట్ భవనం, టైమ్స్ స్క్వేర్ దీపాలు... చకచకా చెప్పేస్తారు. 'మరి బ్రాంక్స్?' అంటే మాత్రం 'అక్కడేముందీ!' అంటారు. మహా అయితే జూ చూసొచ్చామంటారు. నిజమే, బ్రాంక్స్‌లోని సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు భవనం ముందు నిలబడితే కళ్లు చెదిరే దృశ్యమేమీ కనిపించదు. మామూలు ఎత్తైన అపార్ట్‌మెంటు, పక్కనే హైవే హోరు. అంతే. కానీ ఇవాళ హైదరాబాద్‌లో ఓ కుర్రాడు తన గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, ఏ నిర్మాత గడపా తొక్కకుండా సొంతంగా పాట కట్టి జనం మీదికి వదులుతున్నాడంటే, ఆ ధైర్యానికి ఓ పుట్టిల్లు ఈ ఇల్లే. హిప్‌హాప్ పుట్టిందని చెప్పుకునే చోటు ఇది.

నాలుగో నంబరు రైలు

మన్‌హట్టన్‌లోని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్లో 4వ నంబరు రైలెక్కి ఉత్తరంగా వెళ్లాలి. చాలాసేపు భూమి లోపలే ప్రయాణం. హార్లెమ్ నదిని కూడా కింది నుంచే దాటేస్తుంది. యాంకీ స్టేడియం దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా వెలుగులోకి వచ్చి, అక్కణ్నుంచి జెరోమ్ అవెన్యూ మీద ఇనుప వంతెనపై పరుగు అందుకుంటుంది. కిటికీలోంచి చూస్తే కార్ల మరమ్మతు షాపులూ, స్పానిష్ అక్షరాల బోర్డులూ, అపార్ట్‌మెంట్ల గోడలూ వెనక్కి పోతుంటాయి. 176వ వీధి స్టేషన్లో దిగి పడమరగా, నదివైపు నడవాలి. వీధులన్నీ ఎత్తుపల్లాలే. కొన్నిచోట్ల వీధికి బదులు మెట్ల వరసలే ఉంటాయి. ఆ వాలు చివర, హైవేకి ఆనుకుని ఉంటుంది మన భవనం.

ఆ హైవేల కథ తెలియకపోతే ఈ పాట కథ అర్థం కాదు. రాబర్ట్ మోజెస్ అనే పెద్ద అధికారి ఆధ్వర్యంలో 1948లో క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే పని మొదలైంది. ఊరిని అడ్డంగా కోసుకుంటూ వెళ్లిన ఆ రోడ్డు కోసం వేల కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. స్తోమత ఉన్నవాళ్లు వెళ్లిపోయారు. లేనివాళ్లు మిగిలారు. అద్దెలు రాని ఇళ్లను కొందరు యజమానులు పట్టించుకోవడం మానేశారు, కొందరైతే బీమా డబ్బు కోసం తగలబెట్టించారు. 1970-80 మధ్య దక్షిణ బ్రాంక్స్‌లోని కొన్ని పేటల్లో సగానికి పైగా ఇళ్లు కాలిపోవడమో, పాడుబడిపోవడమో జరిగింది. ఆ పొగల మధ్య పెరిగిన పిల్లలకు సంగీతం నేర్పే మాస్టారు లేరు, వాయిద్యాలు కొనే డబ్బూ లేదు. ఇళ్లలో అమ్మానాన్నలు విని పక్కన పెట్టిన పాత రికార్డులు మాత్రం ఉన్నాయి.

చెల్లెలి బట్టల కోసం

1520లో ఉండేది జమైకా నుంచి వలస వచ్చిన క్యాంప్‌బెల్ కుటుంబం. కొడుకు క్లైవ్, కూతురు సిండీ. 1973లో వేసవి సెలవులు అయిపోవస్తున్నాయి. బళ్లు తెరిచేలోగా సిండీకి కొత్త బట్టలు కావాలి. చేతిలో ఉన్నది చిన్న ఉద్యోగం జీతం. అందుకే ఓ ఉపాయం ఆలోచించింది. భవనం కింది అంతస్తులో అందరూ వాడుకునే హాలు ఒకటుంది. దాన్ని అద్దెకు తీసుకుని పార్టీ పెడితే? ఆహ్వానాలు చిన్న అట్టకార్డుల మీద చేత్తో రాశారు. టికెట్టు అమ్మాయిలకు పావు డాలరు, అబ్బాయిలకు అర డాలరు. మైకు సెట్టు నాన్నది. పాటలు వేసే పని అన్నయ్యది.

ఆగస్టు 11 రాత్రి జరిగిన ఆ పార్టీయే హిప్‌హాప్ పుట్టినరోజుగా చరిత్రకెక్కింది. అన్నయ్య క్లైవ్‌నే లోకం 'డీజే కూల్ హెర్క్' అంటుంది.

హెర్క్ చేసిన కొత్త పనేమిటి? పాటలో గాయకుడు ఆగి, డప్పుల మోత మాత్రమే వినిపించే చోటు వచ్చినప్పుడు కుర్రాళ్లు రెచ్చిపోయి ఆడటం అతను గమనించాడు. కానీ ఆ ముక్క ఎంతసేపు? కొన్ని సెకన్లు! దాంతో ఒకే రికార్డువి రెండు కాపీలు తెచ్చి పక్కపక్కనే పెట్టాడు. ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాని మీద ముల్లు పెట్టడం, ఈలోగా మొదటిదాన్ని వెనక్కి తీసుకురావడం. అలా ఆ కొద్ది సెకన్ల మోతని నిమిషాల కొద్దీ సాగదీశాడు. పక్కనే కోక్ లా రాక్ అనే మిత్రుడు మైకులో స్నేహితుల పేర్లు పిలుస్తూ, మాటలు కలుపుతూ హుషారెక్కించేవాడు. బుర్రకథలో కథకుడి పక్కన వంతలు ఊపు తెచ్చినట్టన్నమాట. మైకు ముందు ఆ మాటలే పెరిగి పెరిగి ర్యాప్ అయ్యాయి.

ఇంకో తమాషా. ఏ రికార్డు వాడుతున్నాడో పోటీదారులకు తెలియకూడదని హెర్క్ రికార్డుల మీది లేబుళ్లను నానబెట్టి ఊడదీసేవాడు. వంట రుచి చెబుతాం కానీ మసాలా పాళ్లు చెప్పం కదా... అలాగే!

వీధి దీపం కరెంటు

సెడ్జ్‌విక్ అవెన్యూ వెంట కొంచెం ఉత్తరంగా నడిస్తే సెడార్ పార్కు వస్తుంది. సిమెంటు నేల ఆటస్థలం. హాలు చాలనంతగా జనం రావడం మొదలయ్యాక హెర్క్ తన పెట్టెలన్నీ ఇలాంటి చోట్లకి చేర్చాడు. మరి కరెంటు? వీధి దీపం స్తంభంలోంచే లాగేవాళ్లు! టికెట్టు లేదు. ఎవరైనా రావచ్చు, వినొచ్చు, ఆడొచ్చు.

అలా వచ్చి చూసినవాళ్లలో ఒకడు జోసెఫ్ శాడ్లర్. వృత్తి విద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ నేర్చుకుంటున్న కుర్రాడు. తర్వాత 'గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్' అయ్యాడు. ముల్లు సరిగ్గా ఎక్కడ పెట్టాలో తెలిసేందుకు రికార్డు మీద రంగు పెన్సిలుతో గీతలు గీసుకున్నాడు. ఒక పాట జనానికి వినిపిస్తుండగానే రెండో పాటను హెడ్‌ఫోనులో తానొక్కడే వినేలా సొంతంగా స్విచ్చి బిగించుకున్నాడు. ఇంకో బుడతడు థియోడోర్. గదిలో పాటలు పెట్టుకుంటే అమ్మ వచ్చి సౌండు తగ్గించమని కేకలేసిందట. ఆమె మాట వినడానికి తిరుగుతున్న రికార్డును చేత్తో ఆపి, అటూ ఇటూ కదిపాడు. ఆ 'కిర్రు... కిర్రు' బాగుందనిపించింది. లోకమంతా 'స్క్రాచింగ్' అని పిలిచే విద్య అలా మొదలైందని అతనే చెబుతాడు.

గమనించారా? ఒకరికి నాన్న మైకు సెట్టు, ఒకరికి బడిలో నేర్చిన ఎలక్ట్రానిక్స్, ఒకరికి అమ్మ తిట్టు! ఎవరి దగ్గర ఏది ఉంటే అదే పెట్టుబడి. ఈ పాటల్ని అమ్మిపెట్టే కంపెనీ కూడా లేదు. పార్టీల్లో రికార్డు చేసిన క్యాసెట్లు చేతులు మారేవి. అద్దె కార్ల డ్రైవర్లు వాటిని కార్లో పెట్టుకుని తిరిగేవారు. రేడియోలో ఒక్కసారీ వినపడకుండానే పేటపేటకీ పాకింది ఆ సంగీతం.

పేరు లేని పాట

హడ్సన్ నదికి అవతల న్యూజెర్సీలో ఎంగిల్‌వుడ్ అనే ఊరుంది. ఎడిసన్, జెర్సీ సిటీల్లో బోలెడంతమంది తెలుగువాళ్లున్నారు కదా, వాళ్లకిది దూరమేం కాదు. 1979లో అక్కడ సిల్వియా రాబిన్సన్ అనే గాయని, తన షుగర్ హిల్ కంపెనీ తరఫున ముగ్గురు కుర్రాళ్లతో 'రాపర్స్ డిలైట్' అనే పాట రికార్డు చేయించారు. అది అమెరికా తొలి నలభై పాటల జాబితాకెక్కిన మొదటి ర్యాప్. ప్రపంచమంతా మోగిపోయింది. బ్రాంక్స్ పార్కుల్లో ఏళ్ల తరబడి చెమటోడ్చినవాళ్లు మాత్రం ఆ పాటను రేడియోలో విని నోరెళ్లబెట్టారు. ఎందుకంటే అందులో పాడినవాళ్లు తమ పార్కులవాళ్లు కాదు. అందులో ఒక గాయకుడు పాడిన మాటల్లో చాలావరకూ గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే బ్రాంక్స్ కుర్రాడి నోటుపుస్తకంలోవి. స్నేహితుడు అడిగితే ఇచ్చేశాడు. రచయితగా పేరు పడలేదు, డబ్బూ అందలేదు. తర్వాత చాలా ఏళ్లపాటు ఆ కాజే టూరిస్టు బస్సులో మైకు పట్టుకుని, హిప్‌హాప్ పుట్టిన వీధుల్ని సందర్శకులకు చూపించారు.

అంతెందుకు, అసలు ఆద్యుడైన హెర్క్ సంగతి చూడండి. ఆ తొలి రోజుల్లో ఆయన పేరుతో ఒక్క రికార్డూ బయటికి రాలేదు. ఆయన వేసిన బాటలో నడిచినవాళ్లు కోట్లు సంపాదించారు. 2011లో ఆయన మూత్రపిండాల్లో రాళ్లతో ఆసుపత్రి పాలైతే ఆరోగ్య బీమా లేదు. వైద్యం ఖర్చు కోసం అభిమానులు విరాళాలు పోగుచేయాల్సి వచ్చింది. 2023లో, హిప్‌హాప్‌కి యాభై ఏళ్లు నిండాక, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చి గౌరవించారు. గౌరవం రావడానికి యాభై ఏళ్లు పట్టింది!

ఎవరినీ దేబిరించకుండా బతకడం ఎంత గొప్పో, ఏ కాగితమూ రాసుకోకపోవడం అంత ప్రమాదం. ఈ రెండు సంగతులూ బ్రాంక్స్ వీధుల్లో పక్కపక్కనే కనిపిస్తాయి.

గదే స్టూడియో

ఇప్పుడు రెండు టర్న్‌టేబుళ్లు మోసుకెళ్లక్కర్లేదు. ల్యాప్‌టాప్, మంచి మైకు, హెడ్‌ఫోను ఉంటే చాలు. మాటల్లో ప్రతిధ్వని రాకుండా బట్టల బీరువా తెరిచి దుప్పట్ల మధ్య పాడేవాళ్లూ ఉన్నారు. ఏడాదికి కొంత రుసుము కడితే పాటను అన్ని ఆన్‌లైన్ వేదికలకూ చేర్చే సంస్థలున్నాయి. షికాగో కుర్రాడు చాన్స్ ద రాపర్ ఏ కంపెనీకీ సంతకం చేయకుండా, సీడీ కూడా అమ్మకుండా, ఆన్‌లైన్లో వినడానికి మాత్రమే విడుదల చేసిన 'కలరింగ్ బుక్'కి 2017లో గ్రామీ అవార్డు వచ్చింది. మన దగ్గర రోల్ రైడా లాంటివాళ్లు సినిమా పిలుపు కోసం కాచుక్కూర్చోకుండా తెలుగు ర్యాప్ వీడియోలు యూట్యూబ్‌లో పెట్టి పేరు తెచ్చుకున్నారు.

అయితే దారి తెరుచుకున్నంత సులువుగా డబ్బు రాదు. బీటు కట్టేదీ, మాటలు రాసేదీ, పాడేదీ, బొమ్మ గీయించేదీ, ప్రచారం చేసుకునేదీ ఒక్కడే. స్పాటిఫైలో 2024 నుంచి, ఏడాదిలో కనీసం వెయ్యిసార్లు వినని పాటకి పైసా కూడా రాదు. పాత పాట ముక్కను వాడుకోవాలంటే హెర్క్ కాలంలోలా లేబులు ఊడదీస్తే కుదరదు. అనుమతి లేకుండా ముక్క వాడటం చట్టవిరుద్ధమని 1991లో న్యూయార్క్ కోర్టు తీర్పు చెప్పింది. అప్పట్నుంచి ఎవరి ముక్క వాడినా ముందు అనుమతి, తర్వాతే పాట. స్నేహితుడితో కలిసి పాట కట్టినా, మాట ఎవరిది, బాణీ ఎవరిది, ఎవరి వాటా ఎంత అన్నది ఆరోజే రాసి సంతకాలు పెట్టుకోవాలి. కాజ్ నోటుపుస్తకం నేర్పే పాఠం అదే.

పాట కాపాడిన ఇల్లు

చివరగా 1520 గురించే ఓ మంచి ముక్క. తక్కువ అద్దెల పథకం కింద ఉన్న ఈ భవనాన్ని ఆ పథకంలోంచి తప్పించి అమ్మేయాలని 2007లో యజమానులు చూశారు. అదే జరిగితే అద్దెలు పెరిగి, ఏళ్లుగా ఉంటున్నవాళ్లు సామాన్లు సర్దుకోవాల్సిందే. అద్దెదారులు ఏకమయ్యారు. హెర్క్, సిండీ కూడా వాళ్లతో కలిశారు. ఇది మామూలు ఇల్లు కాదు, హిప్‌హాప్ పుట్టినిల్లు అని ఊరంతా చాటారు. ఆ ఏడాదే రాష్ట్ర అధికారులు ఈ భవనాన్ని చారిత్రక కట్టడాల జాబితాకి అర్హమైనదిగా గుర్తించారు. అమ్మకానికి 2008లో నగర అధికారులు ఒకసారి అడ్డుచెప్పారు. ఆ తర్వాత కూడా భవనం చేతులు మారింది, అప్పుల్లో కూరుకుపోయింది. చివరికి నగరపాలక సంస్థ అండతో, తక్కువ అద్దె ఇళ్లను నిలబెట్టే ఓ సంస్థ దాన్ని ఆదుకుంది. ఎవరి దగ్గరా కాగితం లేని ఆ పాట, వంద కుటుంబాలకు కాగితం మీద గూడు నిలబెట్టింది!

వీధికి ఇప్పుడు 'హిప్‌హాప్ బులెవార్డ్' అని మరో పేరుంది. యాంకీ స్టేడియానికి దగ్గర్లో, నది ఒడ్డున హిప్‌హాప్ మ్యూజియం నిర్మాణానికి 2021లో పునాది వేశారు. 1520 మాత్రం మ్యూజియం కాదు. వంటింట్లో కుక్కరు పెట్టుకుని, పిల్లల్ని బడికి పంపుకుని జనం కాపురాలు చేసుకునే ఇల్లు. అందుకే న్యూయార్క్ వెళ్లే మనవాళ్లకు చిన్న మాట... వీధి పేరు పలక దగ్గర ఫొటో తీసుకోండి, సెడార్ పార్కులో కాసేపు కూర్చోండి. గేటు దాటి లోపలికి మాత్రం వెళ్లకండి. వాళ్లు ఆ ఇంటి కోసం చాలానే పోరాడారు.