మేఖ్రీ సర్కిలు దగ్గర ఒక చుక్క వెలుగు

హోసూరునుంచి బెంగుళూరు 40 కిలోమీటర్లే అయినా మా మేనల్లుడు ఇంటిముఖం చూసి ఎనిమిది నెలలయింది. "వాడు ఆ చీకటిగదిలో ఏం చేస్తున్నాడో చూసిరా తమ్ముడూ. ఇక చాలించి ఏదైనా కంపెనీలో చేరమని గట్టిగా చెప్పు" అని అక్కయ్య పులిహోర కారియరు చేతికిచ్చింది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

మేఖ్రీ సర్కిలుకు దగ్గరలోనే ఉన్నది రామన్ పరిశోధన సంస్థ. సి. వి. రామన్ గారు 1948లో నెలకొల్పినది. ఆయన చిన్ననాడు విశాఖపట్నంలో చదివి, 11వ ఏట మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. నేను రెండోసారికి గట్టెక్కాను. ఆ సంగతి అలా ఉంచండి. లోపల చెట్లు గుబురుగా పెరిగి ఊరి రొద అంతగా వినబడదు. 1970లో రామన్ గారిని ఈ ఆవరణలోనే దహనం చేశారు. ఆ చోట సమాధి లేదు, ఒక చెట్టు ఉన్నది.

మేనల్లుడు నా చెప్పులు విప్పించి గదిలోకి తీసుకుపోయాడు. బల్లనిండా అద్దాలు, కటకాలు. లేసరంటే ఏ ఫిరంగియో అనుకున్నాను; తీరా చూస్తే గింజంత. సీడీ పాటలు వినిపించే యంత్రంలో ఉండేదానికి దాయాదేనట. 780 నానోమీటర్ల వెలుగు, కంటికి ఆనీ ఆనని ఎరుపు.

"దీనితో చిక్కల్లా నిలకడ లేకపోవడమే మామయ్యా" అన్నాడు. ఆ వెలుగు సెకనుకు 384 లక్షల కోట్లసార్లు కంపిస్తుంది. ఒక్క డిగ్రీ వేడి మారితే లెక్క 3,000 కోట్లదాకా తప్పుతుంది. వాడికి పనికివచ్చే రుబీడియం పరమాణువు ఓర్చుకునేది సుమారు 60 లక్షలు! అంచేత వేడిని డిగ్రీలో వెయ్యోవంతుదాకా కాపలా కాస్తారు, కరెంటును కాస్తారు, సన్నని గీతలున్న పలక ఒకటి ఎదురుగా నిలిపి వెలుగులో కొంత వెనక్కి పంపి కట్టడి చేస్తారు. అయినా జారుతుంది.

మా ఆఫీసు గోడగడియారమూ ఇంతే. ఎన్నిసార్లు బాగుచేయించినా రోజుకు రెండు నిమిషాలు ముందుకు పోతుంది. రేడియో టైము విని సరిచేయడమే మార్గం. ఇక్కడ రేడియోలాంటిది గాజుబుడ్డిలోని రుబీడియం ఆవిరి. ఏ దేశంలోనైనా ఆ పరమాణువు మింగే వెలుగు ఒక్కటే.

కాని ఆవిరిలో పరమాణువులు పరుగులు పెడుతుంటాయి. రైలు వస్తూ వేసిన కూత ఒకలా, పోతూ వేసినది ఒకలా వినబడుతుంది గదా! అలాగే ఒక్కొక్కదానికి వెలుగు ఒక్కొక్క తీరుగా తోచి, 60 లక్షల గీత కాస్తా 50 కోట్లదాకా అలుక్కుపోతుంది. దీనికి వీళ్ళ ఉపాయం నాకు మహా ముచ్చటేసింది. ఒకే లేసరు వెలుగును రెండు పాయలుచేసి బుడ్డిలోకి ఎదురెదురుగా పంపుతారు. రెండింటికీ ఒక్కసారే చిక్కేది అటూ ఇటూ పోని పరమాణువు. అక్కడ తెరమీద సన్నని ములుకు లేస్తుంది. లేసరును ఆ కొసమీద నిలపాలి. కొసమీద ఉన్నవాడు జారితే ఎటు జారాడో తెలియదు. అందుకని కావాలనే దాన్ని రవంత ఊపి చూస్తూ, ఏ వైపు పల్లమో కనిపెట్టి, కరెంటుకు సాగే చిన్న బిళ్ళతో ఆ గీతల పలకను కదుపుతారు. ఇదంతా యంత్రమే క్షణక్షణమూ చేసుకుంటుంది.

అలా నిలిపిన వెలుగుతోనే మరోచోట పరమాణువుల పరుగు తగ్గించి పోగుచేశాడు. ఆ మబ్బు తెరమీద తెల్లని చుక్కలా కనబడింది. రాత్రి రెండింటినుంచి కొలతలు తీస్తున్నాడట. బాగా చూద్దామని వంగుతూ కారియరును బల్ల అంచున టక్కున పెట్టాను. ములుకు ఎగిరింది. చుక్క మాయమైంది.

వాడు నన్ను ఒక్కమాట అనలేదు. మరలు తిప్పుతూ, వరసగా ఉన్న ములుకుల్లో తనదాన్ని వెదుకుతూ కూచున్నాడు. నలభై నిమిషాలకు చుక్క మళ్ళీ వెలిగింది. తెగిన గాలిపటం దొరికినప్పుడు చిన్నతనంలో వాడి ముఖం అలాగే ఉండేది.

పులిహోర బయట చెట్టుకింద తిన్నాం. అక్కయ్య చెప్పమన్న మాట రెండుసార్లు నోటిదాకా వచ్చింది. "ఇంకా ఎన్నాళ్ళురా?" అని మాత్రం అడిగాను. "రెండువందల రాత్రులు" అన్నాడు, లెక్కవేసి ఉంచుకున్నవాడిలా.

ఇల్లు చేరగానే "చెప్పావా?" అంది అక్కయ్య. లేదన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు కారియరు తోముతూ, "ఈమాటు వెళ్ళినప్పుడు దీన్ని గుమ్మం బయటే పెట్టు" అంది.