అనుపలబ్ధి: లేమిని తెలిపే ప్రమాణం

నేలపై ఘటం లేదు అనే జ్ఞానం మనకు ఎలా కలుగుతుంది? నేల కంటికి కనిపిస్తుంది. ఘటాభావమో, కంటికి తగిలే వస్తువు కాదు. నైయాయికులు ఈ జ్ఞానాన్ని ప్రత్యక్షంలోనే చేర్చారు. భాట్టమీమాంసకులు, అద్వైతులు మాత్రం దీనికోసం అనుపలబ్ధి అనే ఆరవ ప్రమాణాన్ని అంగీకరించారు. 17వ శతాబ్దానికి చెందిన ధర్మరాజాధ్వరీంద్రుడు వేదాంతపరిభాషలో ఒక పరిచ్ఛేదాన్నే దీనికి కేటాయించాడు. ఈ విచారణకు ప్రాణం ‘యోగ్యత’ అనే నియమం. ఉండి ఉంటే తప్పక కనిపించవలసిన పరిస్థితిలో కనిపించకపోతేనే లేదని నిశ్చయించాలి. చీకటిగదిలో ఘటం కనిపించకపోవడం ఘటాభావానికి ప్రమాణం కాదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ కేంద్రాల నామఫలకాల నడుమ ఒక హాస్టల్‌లో నివసించే యువకునికి ఈ శాస్త్రవిషయం జీవికా సమస్యగా ఎదురైంది. అతడు సీ ప్లస్ ప్లస్ భాషలో అనేక థ్రెడ్లతో పనిచేసే ప్రోగ్రామ్ రచించాడు. తన కంప్యూటర్‌పై అది నిర్దోషంగా నడిచింది. అవసరమైన లైబ్రరీలన్నీ ఒకే ఫైలులో ఇమిడేలా స్టాటిక్ లింకింగ్ చేసి పంపితే, ఆరంభమైన క్షణాలలోనే సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో కూలిపోయింది. జీడీబీ చూపిన పట్టికలో పై వరుసన చిరునామా సున్నా, దిగువ వరుసలలో అతడు వ్రాసిన ఫంక్షన్. కూలిన చోటే దోషం ఉందని కార్యాలయం తీర్మానించింది. ప్రొబేషన్ ఇంకా ముగియలేదు. క్రమంగా అతడు కూడా ఆ తీర్పును నమ్మాడు. ప్రతి మలుపులోనూ మ్యూటెక్స్ తాళాలు చేర్చాడు. ప్రోగ్రామ్ మందగించింది కాని, పతనం ఆగలేదు.

ఆదివారం మెట్రోలో చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి ఎల్‌బీ నగర్‌లో దిగి, సంస్కృతోపాధ్యాయునిగా పదవీ విరమణ చేసిన మేనమామ ఇంటికి వెళ్ళాడు.

“రెండు థ్రెడ్లు ఒకే దత్తాంశం కోసం పోటీపడితే ఇలా కూలుతుంది మామయ్యా. నేనే ఎక్కడో తాళం మరచి ఉంటాను.”

“కూలడానికి పోటీ ఒక్కటే కారణమా? పోటీ లేకపోయినా కూలవచ్చు కదరా! అది వ్యభిచరించే హేతువు. ఎక్కడ కూలుతోంది?”

“ప్రతిసారీ ఒకే చోట.”

“పోటీలో ప్రతిసారీ అదే ఫలితమా? అది సరే, ఆ సున్నాకు అర్థమేమిటి?”

“పిలిచిన చోట ఏమీ లేదని.”

“అయితే ఏది తప్పో తరువాత చూద్దువు. ముందు ఏది లేదో వెదుకు.”

మరునాడు అతడు ఎన్‌ఎం అనే సాధనంతో ఫైలులోని నామాలను పరిశీలించాడు. మొదట చూసినది నామపట్టికను తొలగించి పంపిన ప్రతి. అందులో మెయిన్ అనే ఫంక్షన్ పేరు కూడా కనిపించలేదు. అది చీకటిగది. అక్కడి అదర్శనం దేనికీ ప్రమాణం కాదు. తరువాత నామాలు తొలగించని ప్రతిని తెరిచాడు. మెయిన్‌కు చిరునామా ఉంది. పీథ్రెడ్ క్రియేట్‌కూ ఉంది. పీథ్రెడ్ కాండ్ వెయిట్ ఎదుట మాత్రం చిరునామా లేదు, ‘డబ్ల్యు’ అనే అక్షరం ఒక్కటే ఉంది. దీపం వెలిగి ఉంది, ఘటం లేదు.

కారణం స్పష్టమైంది. ఒకే థ్రెడ్‌తో నడిచే ప్రోగ్రామ్‌లకు భారం కలుగకూడదని, ఆనాటి సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ థ్రెడ్ ఫంక్షన్లను ‘బలహీన’ నిర్దేశాలతో పిలిచేది. బలహీన నిర్దేశం కోసం లింకర్ స్టాటిక్ భాండారాన్ని వెదకదు. దొరకని నామానికి సున్నా ఇచ్చి, మౌనంగా సాగిపోతుంది. డైనమిక్ లింకింగ్‌లో లైబ్రరీ సంపూర్ణంగా ప్రవేశిస్తుంది కనుక నామానికి వస్తువు లభిస్తుంది. ఇక్కడ మిగిలింది వస్తువు లేని శబ్దమాత్రం. యోగశాస్త్రం దీనినే వికల్పం అంటుంది. జీలిబ్‌సీ 2021 ఆగస్టునాటి 2.34 సంచికలో థ్రెడ్ లైబ్రరీ ప్రధాన లైబ్రరీలో లీనమైంది. కాని ఆ కార్యాలయపు నిర్మాణయంత్రం అంతకు పూర్వపుది. హోల్ ఆర్కైవ్ అనే ఆదేశంతో భాండారాన్ని సంపూర్ణంగా చేర్చగానే ప్రోగ్రామ్ నిలిచింది. అనవసరపు తాళాలను అతడు ఒక్కొక్కటిగా తీసివేశాడు. ఎన్‌ఎం పట్టికలోని ఆ ఒక్క వరుసను కార్యాలయానికి చూపగానే అతనిపై ఆరోపణ తొలగింది.

కార్యం గోచరించిన చోటే కారణం ఉండనవసరం లేదు. ఈశ్వరుడు కనిపించడు కనుక లేడన్న వాదానికి ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో చెప్పిన సమాధానం కూడా యోగ్యతపైనే ఆధారపడింది. ఇంద్రియాలకు గోచరించదగని దానిని, గోచరించలేదన్న హేతువుతో నిరాకరించలేము. సాధకునికీ ఇదే నియమం. నాలుగు దినాలు జపించి ‘నాలో భక్తి లేదు, నాపై అనుగ్రహం లేదు’ అని కుంగేవారు ఎందరో. ఆ ‘లేదు’ దీపపు వెలుగులో చూసి పలికినదా, చీకటిలో తడిమి పలికినదా? చిత్తం ఇంకా కలతతో ఉన్నప్పుడు అక్కడ ఏదీ కనిపించదు. దానిని అభావమని తీర్మానించడం ప్రమాణవిరుద్ధం. ముందు దీపం వెలిగించాలి. అప్పుడు లేదని తేలితే, ఆ లేమి కూడా జ్ఞానమే. ఏది చేర్చుకోవాలో అదే చెబుతుంది.