ఆబిడ్సులో ఈల కొన్న వైనము

హైదరాబాదునకు పోయినవారు ముత్యములు కొనితెచ్చిరనియో, గాజులు కొనితెచ్చిరనియో మీరు వినియుందురు. మేము ఒక ఈలను కొనితెచ్చితిమి. ఇంత అల్పవస్తువునకై రెండు పేటలు తిరుగనేలయని పొరుగింటివారు నవ్విరి. కారణము చెప్పినపిమ్మట నవ్వు మానిరి. ఆ కారణమునే మీకును విన్నవించుచున్నాము.

గత సంవత్సరము జనవరిలో మేము నాంపల్లి నుమాయిషు చూడబోయితిమి. ఈ ప్రదర్శనము 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు పూర్వవిద్యార్థుల పూనికతో పబ్లిక్ గార్డెన్సులో ఆరంభమై, 1946లో ఇప్పటి మైదానమునకు మారెను. కాశ్మీరు శాలువలు, లక్నో కుట్టుపనులు, పింగాణి పాత్రలు చూచుచు నడచుచుండగా ఎనిమిదేండ్ల మా అమ్మాయి చేయి జారెను. వెనుదిరిగి చూచునప్పటికి బిడ్డ లేదు. పేరుపెట్టి పిలిచితిమి. రంగులరాట్నపు పాటలలోను, అంగళ్ల కేకలలోను మా గొంతు కలిసిపోయెను. గజేంద్రుని మొర వైకుంఠమునకు వినబడెను గాని, మా మొర పది బారల దూరము పోలేదు. అరగంటకు గాని బిడ్డ దొరకలేదు. ఒక గాజులమ్మ తన అంగడిలో కూర్చుండబెట్టుకొని, నిర్వాహకులచే బాకాలో పేరు చెప్పించెను. బిడ్డ మమ్ము కౌగిలించుకొని, “అమ్మా, నేనూ పిలిచాను. నీకు వినబడలేదా?” అని యడిగెను. ఆ ప్రశ్న నేటికిని మా చెవిలో నున్నది.

ఈ సంవత్సరము మాయింటివారు తమ బడిపిల్లలను వికారాబాదు కడనున్న అనంతగిరికి తీసికొనిపోవ నిశ్చయించిరి. మూసీనది పుట్టు ఆ కొండలలో చెట్లు దట్టము. సెల్‌ఫోను ఎంత మంచిదైనను బ్యాటరీ అయిపోయిన పిదప రాతిపలకయే. కావున పిల్లలకు ఈలలు కొనవలెనని, ముందుగా ఒకటి చూచి తెత్తమని, ఒక శనివారము బయలుదేరితిమి.

నాంపల్లి స్టేషనులో దిగితిమి. ఇది 1907లో కట్టబడినది. మేము నిలిచియుండగా ఒక గార్డు పచ్చజెండా నెత్తి ఈల వేసెను. అంత రణగొణధ్వనిలోను ఆ చిన్న ధ్వని తీగవలె సాగి చెవిని తాకెను. మాయింటివారు, “చూచితివా, అరచుటకు బలము కావలెను, ఈలకు ఊపిరి చాలును” అనిరి. మనుష్యుని చెవి హెచ్చు స్థాయి ధ్వనిని మిక్కిలి చురుకుగా పట్టుకొనునట. పిల్లకైనను, అలసినవారికైనను ఊదవచ్చును, గొంతు బొంగురుపోదు.

అచ్చటనుండి ఆబిడ్సు దగ్గరయే. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులోనుండిన ఆల్బర్టు ఆబిడ్ పెట్టిన దుకాణమునుబట్టి ఈ పేటకు ఆ పేరు వచ్చెను. ఆదివారములందు మూసిన అంగళ్లముందర పాతపుస్తకములు పరతురు. ఆదివారమే పోయియున్నచో మాయింటివారు ఈల మాట మరచి అచ్చటనే నిలిచియుందురు!

ఆటసామగ్రి అమ్ము నొక దుకాణములో అడిగితిమి. “సీటీ కావలెనా అమ్మా?” అని ముదుసలి వర్తకుడు రెండు రకములు ముందుంచెను. మొదటిది లోహపుది, లోపల బెండుగోలీ కలదు. ఊదగా గోలీ గిరగిర తిరిగి ధ్వని వణకును. అయితే తడిసిన బెండు ఉబ్బును, దుమ్ము చేరిన గోలీ అంటుకొనును, అవసరమున మూగపోవచ్చును. ఎండలో లోహము పెదవిని చుఱుక్కుమనిపించును. రెండవది ప్లాస్టికుది, గోలీ లేదు. కెనడా దేశపు బాస్కెట్‌బాల్ నిర్ణేత రాన్ ఫాక్స్‌క్రాఫ్టు, ఆట నడుమ తన ఈల మూగపోగా విసిగి, ఇట్టి గోలీలేని ఈలను చేయించి 1987లో అమ్మకమునకు తెచ్చెను. నీటిలో మునిగినను విదిలించి ఊదిన పలుకును. మేము దీనినే కొంటిమి. జారిపడినచో గడ్డిలో కనబడుటకై నారింజవన్నెది యెంచితిమి.

వర్తకుడు మెడకు త్రాడు కట్టి యిచ్చుచుండగా మేము వారించితిమి. చెట్టుకొమ్మకు తగుల్కొనిన త్రాడు పిల్లల మెడకు ఉరియగును. చొక్కా గుండీకో, సంచిపట్టెకో చిన్న త్రాటితో కట్టుట మేలు. సంచిలోపల దాచినది మాత్రము లేనిదానితో సమానము.

సంకేతమును గూర్చియు ఒక మాట. భారతవీరుల శంఖములకు వేరువేరు పేర్లుండెను. పాంచజన్యము ఎవరిదో, దేవదత్తము ఎవరిదో అందఱకు తెలియును. అట్లే మన ఈలకును అర్థము ముందుగా తెలియవలెను. ఐరోపాలో ఆల్ప్సు కొండలెక్కువారు 1894లో ఒక కట్టుబాటు చేసికొనిరి. ఆపదలోనున్నవాడు నిమిషమునకు ఆరుమార్లు సంకేతము చేసి, ఒక నిమిషము ఆగి, మరల చేయవలెను. విన్నవాడు నిమిషమునకు మూడుమార్లు బదులీయవలెను. మనవైపు దీనిని ఎఱిగినవారు తక్కువ గనుక, బయలుదేరుటకు ముందే అందఱకు నేర్పవలెను. తప్పిపోయిన బిడ్డ తిరుగక ఒక్కచోటనే నిలిచి ఊదవలెననియు, ఒరులచెవి చెంత ఊదరాదనియు, వేడుకకు ఊదినచో “నాన్నా పులి” కథయే యగుననియు చెప్పవలెను.

తిరుగుదారిలో పబ్లిక్ గార్డెన్సున ఆగితిమి. తోటవానితో ముందుగా చెప్పి, అమ్మాయిని తండ్రివెంట చెట్లచాటునకు పంపితిమి. మొదట పేరుపెట్టి పిలిచితిమి, బదులు లేదు. కొంతతడవునకు ఈల వినబడెను. వ్రేళ్లు మడచి ఆరు లెక్కించితిమి. మాకొక ఈల లేదు గనుక చప్పట్లు కొట్టి, ధ్వని వచ్చినవైపునకు నడచితిమి. అమ్మాయి కదలక అచ్చటనే నిలిచియుండెను. “ఇప్పుడు వినబడిందా అమ్మా?” అనెను. వినబడెనని చెప్పి, మరల ఆబిడ్సునకు పోయి మాకును ఒకటి కొంటిమి.