సురభి దాకా వెళ్ళి వచ్చాం

మొన్న సంక్రాంతి సెలవుల్లో కడపలో మా అమ్మకు సహస్ర చంద్ర దర్శనం చేశాం. అన్నదమ్ములం ముగ్గురం, కోడళ్ళు, మనుమలు, ఒక మునిమనుమరాలు, అందరం చేరాం. హోమం, దానాలు, భోజనాలు సవ్యంగా జరిగాయి. ఆ వివరాలతో పాఠకులను విసిగించను. మరునాడు "ఇంకేమైనా కోరిక ఉందా అమ్మా?" అని అడిగాం. కాశీ అంటుందనుకున్నాం. "సురభి చూపీండ్రా" అంది.

కారు మాట్లాడుకుని వేంపల్లె మీదుగా బయల్దేరాం. గండి దగ్గర పాపఘ్ని నది కొండల్ని చీల్చుకుని వస్తుంది. అక్కడ వీరాంజనేయస్వామి దర్శనం చేసుకుని ముందుకు సాగాం. చక్రాయపేట మండలంలో ఒక పల్లె సురభి. పూర్వం సొరుగు అనేవారట. నాటకాల ఊరని ఎంతో ఊహించుకుని వెళ్ళాను గాని అక్కడ తెరలూ లేవు, డేరాలూ లేవు. ఆ కుటుంబాలు ఏనాడో ఊళ్ళు పట్టుకు వెళ్ళిపోయాయి. ఒక చెట్టు కింద కుర్చీ వేసి అమ్మను కూర్చోబెట్టాం.

1885లో ఈ ఊళ్ళో ఒక పెళ్ళి జరిగిందనీ, తోలుబొమ్మలాడించే వనారస వారిని పెద్దలు పిలిచి "ఈసారి బొమ్మలు వద్దు, మీరే వేషాలు కట్టండి" అన్నారనీ చెబుతారు. వాళ్ళు ఆడింది 'కీచక వధ'. పెళ్ళింట ఈ చంపుకోవడాలేమిటని మా ఆవిడ సందేహం. "పెండ్లికొచ్చినోళ్ళకు ఒక దుర్మార్గుడు సావడం గూడా సంతోషమే గదమ్మా" అంది అమ్మ.

వనారస గోవిందరావు గారి నాయకత్వాన ఆ నాటకం వృత్తి అయింది. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే రోజుల్లో సురభి వారి ఆడవాళ్ళే రంగస్థలం ఎక్కారు. చిన్నప్పుడు అమ్మ నేల మీద కూర్చుని చూసిన 'మాయాబజార్'లో శశిరేఖ నిజంగా ఆడపిల్లేనని తెలిసి రాత్రంతా నిద్రపోలేదట. లడ్డూలు గాలిలో తేలి ఘటోత్కచుడి నోట్లోకి పోవడం కన్నా అదే వింతగా తోచిందట. "నేనూ ఆడిదాన్నే గదా, నన్నెవరూ ఎక్కమనలేదే అనుకున్నా" అంది. ఎనభై ఏళ్ళ తల్లి నోట ఈ మాట వినడం నాకు ఇదే మొదలు.

కుటుంబం పెరిగి ఒకప్పుడు ముప్పైకి పైగా సమాజాలయ్యాయి. సినిమా వచ్చాక అవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి వాటిలో ఒకటి. 1996లో బి.వి. కారంత్ వచ్చి సురభి వారితో 'భీష్మ' చేయించాక పాత ఆటకు కొత్త ఊపిరి వచ్చింది. ఆ మండలిని నడిపిన నాగేశ్వరరావు (బాబ్జీ) గారికి 2013లో పద్మశ్రీ ఇచ్చారు. 2022లో ఆయన పోయారు.

తిరుగు ప్రయాణంలో హైదరాబాదులో ఆగి, లింగంపల్లి సురభి కాలనీకి వెళ్ళాం. ఒక ఇంట్లో బారసాల. ఆ సాయంత్రమే ఆట. గుమ్మంలో ఒక పెద్దాయన బాణాలకు తీగలు కడుతున్నాడు. గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొనే బాణాలు అవే. "ఇవాళ ఫంక్షన్ గదా, ఆట మానలేదా?" అన్నాను. ఆయన తల ఎత్తకుండానే "పెళ్ళిలో పుట్టిన ఆటండీ, బారసాలకు ఆగుతుందా?" అన్నాడు.

ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో మన సంఘంలోని పాతవారికి తెలుసు. 2011లో మన నాటక బృందం ప్రదర్శన ఏ శనివారం పెట్టుకున్నామో, ఆ శనివారమే నేను మా గృహప్రవేశం పెట్టాను. ముహూర్తం వేరే లేదన్నాను. ఉంది; హాలు దొరకలేదు, అంతే. ముగ్గురు నటులు మొహమాటానికి మా ఇంటికి వచ్చారు. ప్రదర్శన రద్దయింది. దర్శకుడు నాతో ఏడాది మాట్లాడలేదు. ఆ తరువాత ఒకరికి పిల్లల చదువులు, ఇంకొకరికి పురుళ్ళు. బృందం మళ్ళీ కూడలేదు. సామాన్ల పెట్టె మాత్రం మా బేస్‌మెంట్‌లోనే ఉండిపోయింది.

విమానాశ్రయానికి వెళ్తుంటే అమ్మ ఒకటే అడిగింది: "ఆ పెట్టె యాడుందిరా?"

వచ్చిన వారమే తెరిచాను. గద సొట్టపోయింది. కిరీటానికి అద్దాలు సగం రాలిపోయాయి. తెర మాత్రం బాగానే ఉంది. దర్శకుడికి ఫోన్ చేసి, పాత తప్పు ఒప్పుకున్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత "హార్మోనియం ఎవరు వాయిస్తారు?" అన్నాడు.

జూలైలో మా అమ్మాయి పెళ్ళి. ముందురోజు రాత్రి అదే హాల్లో 'మాయాబజార్' నుంచి నలభై నిమిషాల ముక్క వేస్తాం. వియ్యంకులు ఒప్పుకున్నారు. పెళ్ళికూతురు తెర లాగుతానంది. అమ్మకు వీసా వస్తే శశిరేఖ తల్లి వేషం ఆమెదే, రెండే మాటలు. రిహార్సల్స్ శనివారం పదింటికి మా బేస్‌మెంట్‌లో. పిల్లల్ని ఎవరి దగ్గరా వదలకండి, వెంట తీసుకురండి. అద్దాలు అతికించడం వచ్చినవారు కాస్త ముందుగా వస్తే మేలు. లడ్డూల తీగ సంగతి ఇంకా తేలలేదు.