సైకిలును, వేళయు, నాడియు

పని యొక్కటే యైనను, అది చేయు వేళను బట్టి దేహమునకు గలుగు శ్రమ మారుచుండును. ఈ సంగతి కాపులకును, కూలివారికిని చిరకాలమునుండి తెలిసినదే. వేసవిలో తెల్లవారుజామున అరక కట్టి, ప్రొద్దెక్కకమునుపే యెడ్లను విప్పుట మా పాలమూరు సీమ వాడుక. ఆ శ్రమను అంకెలలో చూడవలెనన్న నాడి మంచి సాధనము. ఆంగ్లదేశపు వైద్యుడు జాన్ ఫ్లోయరు నాడిని గడియారముతో లెక్కించు విధమును గూర్చి 1707లో గ్రంథము ప్రకటించెను. మణికట్టున బొటనవ్రేలి మొదట రెండు వ్రేళ్ళుంచి, 15 సెకండ్లు లెక్కించి, నాలుగింట హెచ్చవేసిన చాలును. ఆ వ్యవధిలో 28 పెట్లున్నచో నిమిషమునకు 112. విశ్రాంతిగా నున్న పెద్దవారికి సాధారణముగా 60 మొదలు 100 వరకు నుండును.

మేమీ లెక్కకు పూనుకొనుటకు మా తాతగారు కారణము. వారు వీపనగండ్లలో ఏండ్లతరబడి సైకిలుపై పాలు మోయుచున్నారు. వేకువను నిండు క్యానులతో పోయి, చుట్టుపట్ల పల్లెలలో పాలుపోసి, మధ్యాహ్నమునకు వట్టి క్యానులతో మరలుచుండిరి. గత వేసవిలో నొకనాడు అరుగుపై జేరబడి, “బరువు దిగినంక గూడ గుండె దిగుతలేదు బిడ్డా” యనిరి. ఇంటివారు భయపడి సైకిలును అమ్మివేయ దలచిరి. అమ్మినచో తాతగారి స్వార్జితము పోవును; అమ్మకున్నచో వారి ప్రాణమునకే ముప్పేమో యని శంక.

అన్నదమ్ముల మిరువురము మొదట మా నాడులనే పరీక్షించుకొంటిమి. సైకి లొక్కటే, బాట యొక్కటే, పట్టిన కాలము నొక్కటే యగునట్లు చూచుకొని, వేకువను, మధ్యాహ్నమున, సాయంకాలమున పదేసి నిమిషములు త్రొక్కి, దిగినవెంటనే లెక్కించితిమి. ఏలయన నిలిచినకొలది నాడి శీఘ్రముగా తగ్గును. ప్రతిదినమును వేకువ లెక్క తక్కువ, మధ్యాహ్నపుది మిక్కిలి యెక్కువ, సాయంకాలపుది నడుమ. పిదప తాతగారి నాడిని చూచితిమి. నిండు బరువు మోసిన వేకువకంటె, వట్టి క్యానులతో వచ్చిన మధ్యాహ్నముననే వారి గుండె వడిగా కొట్టుకొనుచుండెను.

దీనికి కారణ మేమి? గుండె నిమిషమునకు త్రోయు రక్తము, ఒక్క పెట్టునకు త్రోయు రక్తమును పెట్ల సంఖ్యచే హెచ్చించినంత. ఎండలో రక్తము కాలి కండరములకే గాక, వేడిని వెలికి పంపుటకై చర్మమునకును పోవలెను. చెమటవలన రక్తములోని నీరును తగ్గును. అందుచే ఒక్కొక్క పెట్టునకు వెడలు రక్తము తగ్గగా, ఆ లోటును గుండె వడిచే పూరించుకొనును. దేహోష్ణము ఒక్క డిగ్రీ సెంటిగ్రేడు పెరిగిన, నాడి సుమారు పది పెట్లు పెరుగునని వైద్యుల స్థూలమైన లెక్క.

ఎండ లేకున్నను కొంత భేద ముండును. ఫ్రాన్సుదేశపు డి మైరాన్ 1729లో అత్తిపత్తి వంటి మొక్కను చీకటిలో నుంచగా, సూర్యుని జూడకయే అది వేళకు ఆకులు విప్పి ముడుచుకొనెను. జీవులలోని యిట్టి గడియారము పనిచేయు తీరును కనుగొన్నందులకు హాల్, రోస్‌బాష్, యంగ్ అను మువ్వురకు 2017లో నోబెలు బహుమాన మీయబడెను. మన దేహోష్ణము తెల్లవారకమునుపు తక్కువగను, సాయంకాలమున హెచ్చుగను నుండుట యీ గడియారము వలననే. మితముగా త్రొక్కునపుడు నాడియు కొంతవరకు దాని ననుసరించును; సర్వశక్తితో త్రొక్కునపుడు ఈ భేదము చాలవరకు తగ్గిపోవును.

అట్లని వేకువ సర్వవిధముల క్షేమకరమని తలపరాదు. నిద్ర లేచిన పిదప రక్తపుపోటు పెరుగును. గుండెపోట్లు ఉదయమున 6 గంటలు మొదలు మధ్యాహ్నము వరకు హెచ్చుగా వచ్చునని వైద్యులు గుర్తించిరి. కావున పెద్దలు మొదట మెల్లగా త్రొక్కి, దేహము అలవడిన పిదపనే వడి పెంచవలెను.

మా లెక్కల పుస్తకముతో తాతగారిని వనపర్తిలో నొక వైద్యునికి చూపితిమి. ఆయన పరీక్షలు జరిపి, గుండెలో దోషము కానరాలేదనియు, నీరు త్రాగక ఎండలో త్రొక్కరాదనియు చెప్పెను. సైకి లమ్మబడలేదు. తాతగారిపుడు మునుపటికంటె ముందే బయలుదేరి, దారిలో నీరు త్రాగుచు, ఎండ ముదరకమునుపే యిల్లు చేరుచున్నారు. ఆలస్యమైనచో చివరి పల్లెలో చెట్టునీడను ప్రొద్దు వాలువరకు ఆగుదురు.

2015 మే నెలలో వడగాడ్పులచే రెండు తెలుగు రాష్ట్రములలో వేయిమందికి మించి మరణించిరి. మన బడికి సైకిళ్ళపై వచ్చు సోదరులు ఈ మాట మరువకుందురు గాక. ఎండలో త్రొక్కువానికి తల తిరిగినను, మాట తడబడినను, ఱొమ్మున నొప్పి పుట్టినను నాడిని లెక్కించుచు కూర్చుండరాదు. వెంటనే నీడకు జేర్చి, 108కి కబురంపవలెను. వడదెబ్బయైనచో దేహమును నీటితో తడిపి విసరుచుండవలెను.